నోట్లో మేకులు

మా ఆయన వడ్రంగి. పనిలోకి దిగితే గుప్పెడు మేకులు నోట్లో వేసుకుంటాడు. ఒక్కొక్కటే నాలుకతో బయటికి తోసి సుత్తికి అందిస్తాడు. పెళ్ళైన కొత్తలో అది చూస్తే నా గుండె జారిపోయేది. "పొరపాటున మింగితే ఏం గతి?" అని అడిగితే, మేకుల సందుల్లోంచే "ఊఁ" అనేవాడు. ఆ "ఊఁ"తోనే మా కాపురం చాలావరకు నడిచిపోయింది. నా నోట్లో నువ్వుగింజ నానదు. ఆయన నోట్లో ఇనుము నానుతుంది. దేవుడు వెతికి వెతికి జత చేశాడు.

మా మందిరంలో బల్లలు, కిటికీలు, పాస్టరు అయ్యగారు నిలబడి ప్రసంగించే పీఠం, అన్నీ ఆయన చేతివే. శవపేటికలు కూడా. సంఘంలో ఎవరు పోయినా కబురు ముందు అయ్యగారికి, ఆ వెంటనే మా ఇంటికి వచ్చేది. పెట్టె చేయడంలో ఆయనకొక పట్టింపు ఉంది. నిలబడ్డ మనిషి పొడవు నమ్మకూడదంటాడు. ప్రాణం పోయాక పాదాలు ముందుకు వాలి ఒళ్ళు సాగుతుందట. అందుకని ఎవరెన్ని కొలతలు చెప్పినా తలూపి, తానే వెళ్ళి, నడినెత్తి నుంచి కాలి బొటనవేలి దాకా దారం పట్టి, పైన ఒక జానెడు వదిలి కోస్తాడు. ఆ దారం మళ్ళీ ఇంటికి తేడు, పెట్టెలోనే వేసేస్తాడు. "వాళ్ళది వాళ్ళ దగ్గరే ఉండాలి" అంటాడు.

అలాంటి మనిషి ఒకే ఒక్కసారి దారం పట్టలేదు. అది మా అబ్బాయికి.

వాడి ఎత్తు కొలవడం ఆయనకు సరదాగా ఉండేది. పుట్టినరోజు వస్తే చాలు, వాణ్ణి వంటింటి గుమ్మానికి ఆనించి నిలబెట్టి, చెవి మీది పెన్సిలు తీసి గీత గీసేవాడు. వాడు మడమలెత్తి దొంగతనం చేస్తుంటే నెత్తి మీద మొట్టేవాడు. పదకొండో గీత గీసిన కొన్నాళ్ళకే పిల్లాడు మంచం పట్టాడు. నెలల తరబడి జ్వరం. కండ కరిగిపోయింది కానీ ఎముక పెరుగుతూనే ఉంది. పడుకునే ఉన్న పిల్లాడు ఎంత ఎదిగాడో ఎవరికి తెలుస్తుంది? వాడు పోయిన రోజు తోటి వడ్రంగి ఒకతను వచ్చి, "నువ్వు కూర్చో, నేను చేస్తాను" అన్నాడు. ఈయన వినలేదు. పోనీ దారమైనా పట్టమంటే, "నా కొడుకు పొడవు నాకు ఒకరు చెప్పాలా?" అని కసిరాడు. వంటింట్లోకి వెళ్ళి, గుమ్మం మీది పదకొండో గీతకు టేపు పెట్టి, ఆ కొలతకే పలక కోశాడు.

పెట్టె పొట్టిదైంది. అప్పటికే సమాధుల తోటలో గుంట తవ్వేశారు. వాన పట్టుకుంది. అయ్యగారు బైబిలు చంకలో పెట్టుకుని వాకిట్లో నిలబడి ఉన్నారు. ఇంకో పెట్టెకు ఇంట్లో చెక్క లేదు. వాడి మోకాళ్ళు ఒక పక్కకు మడిచి పడుకోబెట్టాల్సి వచ్చింది. మడిచింది నేనే. తల్లిగా వాడికి నేను చేసిన ఆఖరి పని అది. ఆయన గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. తర్వాత నోటి నిండా మేకులు వేసుకుని మూత బిగించాడు. ఏడుపు బయటికి రావడానికి దారి లేకుండా పోయింది.

ఆ తర్వాత ఆయన ప్రభువు బల్ల ముట్టలేదు. మందిరానికి రాడని కాదు, వస్తాడు. రొట్టె, ద్రాక్షరసం పంచే వేళకు మాత్రం వెనక ఎక్కడో ఒక బల్ల కాలు ఊగుతున్నట్టు ఆయనకు కనిపిస్తుంది. మేకులు నోట్లో వేసుకుని దాని కింద దూరతాడు. రొట్టె పళ్ళెం దగ్గరికి వస్తే నోరు చూపిస్తాడు. ఆరేళ్ళపాటు ఆ బల్లలు అలా ఊగుతూనే ఉన్నాయి. అయ్యగారు ఒకటి రెండుసార్లు మందలించి చూశారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. నేను మటుకు రాత్రీ పగలూ ఒకటే ప్రార్థించాను. ఈ మనిషి మళ్ళీ ఒక్కసారి నోరు తెరిచి ఆ రొట్టె తినాలి. లేకపోతే చచ్చాక ఎక్కడో ఒక చోట కొడుకును చూస్తామన్న ఆశ కూడా మా ఇంట్లో నేనొక్కదాన్నే మోయాలి. ఆ బరువు నా వల్ల కాదు.

అలాంటి రోజుల్లో ఒక దూరదేశంలో గాలివాన ఒక చిన్న మందిరం పైకప్పును ఎగరేసుకుపోయిందని, మన సంఘం తరఫున వెళ్ళి కప్పు వేసి, చుట్టుపక్కల సువార్త చెప్పి రావాలని అయ్యగారు ఏర్పాటు చేశారు. వడ్రంగి కావాలి కాబట్టి ఈయన, వంట మనిషి కావాలి కాబట్టి నేను. ఈయన ఒప్పుకున్నది సువార్త కోసం కాదు, దూలాల కోసం. ఏదైతేనేం అనుకున్నాను. మన ఊళ్ళో తెరవని నోరు పరాయి దేశంలోనైనా తెరవకపోతుందా అన్నది నా పిచ్చి ఆశ.

ఆ మందిరానికి నాలుగు గోడలే మిగిలాయి. బల్లలు ఆకాశం కింద నానుతున్నాయి. దిగిన రోజే మమ్మల్ని చూడడానికి ఆ ఊరి వడ్రంగి వచ్చాడు. బొడ్డు దాకా గడ్డం, చేతిలో సుత్తి. అయ్యగారు "వందనాలు" అన్నారు. ఆయన మాట్లాడలేదు, నోటి వైపు వేలు చూపించాడు. నోటి నిండా మేకులు! మా ఆయన తన నోరు చూపించాడు. అక్కడా అదే సరుకు. నవ్వడానికి ఇద్దరికీ వీల్లేదు. కళ్ళతోనే నవ్వుకుని నిచ్చెన ఎక్కేశారు. భాషలు మార్చి చెప్పడానికి తెచ్చుకున్న దుబాసీ కింద నిలబడి బిక్కమొహం వేశాడు. అయ్యగారి ప్రసంగాలకు తప్ప అతని అవసరం ఆ ఇద్దరికీ పడలేదు.

మందిరం వెనక రేకుల పాకలో వంట. అక్కడ నాకు జత ఆ గడ్డపాయన భార్య. మనిషి పొట్టి, నవ్వు పొడుగు. అక్క అని పిలుద్దామనుకున్నాను కానీ, అక్క అంటే గౌరవం ఇవ్వాలి. వదిన అంటే ఎంతైనా వెక్కిరించవచ్చు. వదిననే ఖాయం చేసుకున్నాను. ఆ లెక్కన గడ్డపాయన నాకు అన్నయ్య, మా ఆయనకు బావ. ఈ చుట్టరికం సంగతి చెబితే మా ఆయన "ఊఁ" అన్నాడు. వదినకు, నాకు మొదటి గొడవ ఉప్పు దగ్గర వచ్చింది. నేను వేస్తే ఆవిడ గిన్నె మీద చెయ్యి అడ్డం పెట్టేది. ఆవిడ చెయ్యి తీశాక నేను ఇంకాస్త వేసేదాన్ని. ఆవిడ వాళ్ళ భాషలో తిట్టేది, నేను మన భాషలో తిట్టేదాన్ని. అర్థం కాకపోవడం వల్ల ఇద్దరం మనసారా తిట్టుకునేవాళ్ళం.

ఆ ఆదివారం వాళ్ళ ఆరాధన చూశాను. ఆ సంఘంలో ఎవరి రొట్టె వాళ్ళు తీసుకోరు. ఒకటే పెద్ద రొట్టె చేతులు మారుతూ వస్తుంది. నీ పక్కవాళ్ళు ఒక ముక్క తుంచి నీ నోట్లో పెడతారు, నువ్వు తుంచి అవతలివాళ్ళ నోట్లో పెడతావు. నాకు వదిన పెట్టింది. నేను గడ్డపాయనకు పెట్టాను. మా ఆయన యథాప్రకారం దూలం మీద ఉన్నాడు. వదిన రొట్టె ముక్క పట్టుకుని నిచ్చెన దాకా వెళ్ళి పైకి చూపించింది. ఈయన తన నోరు చూపించాడు. ఆవిడ ఊరుకోలేదు. ముక్కను తన చేతిరుమాలులో చుట్టి నిచ్చెన మెట్టు మీద పెట్టి వచ్చింది. సాయంత్రం నేను వెళ్ళి చూస్తే రుమాలు పెట్టింది పెట్టినట్టే ఉంది. రొట్టెను చీమలు తింటున్నాయి.

మర్నాడు బంగాళాదుంపలు తొక్క తీస్తూ వదిన కప్పు వైపు గడ్డం ఎత్తి, ఏమిటి సంగతి అన్నట్టు చూసింది. ఎలా చెప్పను? కత్తి కింద పెట్టి, నేల నుంచి ఇంత ఎత్తు అని చెయ్యి చూపించాను. తర్వాత రెండు చేతులూ జోడించి చెంప కింద పెట్టుకుని కళ్ళు మూసుకున్నాను. వదినకు అర్థమైంది. తనూ చెయ్యి చాపింది, మోకాలంత ఎత్తులో. తర్వాత ఇంకా కిందికి, ఒళ్ళో పట్టేంత ఎత్తులో. ఇద్దరు. మా రెండు భాషల్లో కలిసిన మాటలు రెండే, హల్లెలూయ, ఆమెన్. హల్లెలూయ అనడానికి ఆ పూట మాకు నోరు రాలేదు. ఆవిడ "ఆమెన్" అంది. నేనూ "ఆమెన్" అన్నాను. మళ్ళీ తొక్కలు తీసుకున్నాం. ఇన్నేళ్ళలో నా కొడుకు కోసం ఎందరో చేసిన ప్రార్థనల్లో నా లోపలికి దిగింది ఆ ఒక్కటే.

వదిన కుడి డొక్క నొక్కుకోవడం నేను రెండు రోజులుగా చూస్తూనే ఉన్నాను. ఏమిటని సైగ చేస్తే చెయ్యి విదిలించి పనిలో పడేది. ఒక ఉదయం పొయ్యి పక్కనే కూలబడిపోయింది. ఒళ్ళు నిప్పుల కుంపటి. ఉన్నది ఒక్క జీపు. దాంట్లో అయ్యగారు, దుబాసీ కొండ అవతలి ఊరికి వెళ్ళారు, రోగుల మీద చేతులుంచి ప్రార్థించడానికి. ఇక్కడ రోగి, అక్కడ జీపు! మందిరానికి చేసిన కొత్త తలుపు మీద వదినను పడుకోబెట్టి, మగవాళ్ళు ఆసుపత్రి దారి పట్టారు. గాలివానకు రోడ్డు సగం కొట్టుకుపోయి ఉంది. మా ఆయన ముందు ఒక మూల, గడ్డపాయన వెనక ఒక మూల మోశారు. దారిలో జీపు ఎదురైంది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పటికే అంతా అయిపోయింది. అదే తలుపు మీద మళ్ళీ వెనక్కి తెచ్చారు. అయ్యగారిని కడిగేయాలన్నంత కోపంతో ఎదురు వెళ్ళాను. ఆయన మొహం చూశాక ఆ కోపానికి నిలబడే చోటు దొరకలేదు.

మర్నాడు పొద్దున్నే గడ్డపాయన మందిరం ముందు పలకలు పరిచాడు. కప్పు కోసం తెచ్చిన పలకలే. తన భార్య పెట్టె తానే చేస్తానన్నాడు, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఆయన ఇళ్ళు కట్టే వడ్రంగి, పెట్టెలు ఎప్పుడూ చేసినవాడు కాదు. వదినను పడుకోబెట్టిన గదిలోకి అడుగు పెట్టలేదు. నిటారుగా నిలబడి, అరచెయ్యి అడ్డంగా తన రొమ్ము దగ్గర పెట్టుకున్నాడు. ఇక్కడి దాకా వచ్చేది అన్నట్టు. అక్కడి నుంచి నేల దాకా టేపు జార్చి, పలక మీద పెన్సిలు గీత గీసి, రంపం అందుకున్నాడు.

మా ఆయన వైపు చూశాను. ఆయన మూత కోసం మేకులు ఏరుకుని నోట్లో వేసుకుని, ఒక దుంగ మీద కూర్చుని ఉన్నాడు. ఆ గీత చూడగానే లేచాడు. వెళ్ళి రంపం పట్టుకున్నాడు. గడ్డపాయన విదిలించుకున్నాడు. ఈయన మళ్ళీ పట్టుకున్నాడు. గడ్డపాయన ఏదో అరిచాడు. ఏమన్నాడో దుబాసీ లేకుండానే నాకు తెలుసు. నా భార్య పొడవు నాకు ఒకరు చెప్పాలా అనే. రొమ్ము మీద చెయ్యి వేసి తోశాడు. ఈయన పడబోయి నిలదొక్కుకున్నాడు. నోటినిండా మేకులు. ఉన్నా లేకపోయినా చెప్పడానికి ఆ భాష రాదు.

మా ఆయన నేల నుంచి ఇంత ఎత్తు అని చెయ్యి చూపించాడు. నేను వదినకు చూపించిన ఎత్తే. తర్వాత ఆ చెయ్యి తన గుండె మీద వేసుకున్నాడు. నావాడు అని. తర్వాత ఆ పలక మీద వెల్లకిలా పడుకున్నాడు, తల ఒక కొసకు పెట్టి. పాదాలు గీత దాటిపోయాయి. ఒక్క క్షణం అలా ఉండి, మోకాళ్ళు మెల్లగా ఒక పక్కకు మడిచి, పాదాలు గీత లోపలికి తెచ్చుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. కళ్ళ కొసల నుంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి.

ఆరేళ్ళు ఒకే ఇంట్లో ఉండి ఈ మాట ఆయన నాతో చెప్పలేదు. పేరు కూడా తెలియని ఒక మనిషికి చెప్పాడు. నాకు అసూయ కలిగింది, అబద్ధం ఎందుకు? కలిగినా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని అక్కడే నిలబడ్డాను. గడ్డపాయన నా వైపు చూశాడు, నిజమేనా అన్నట్టు. తల ఊపాను. ఆయన చేతిలోంచి రంపం జారింది. పలక పక్కన చతికిలబడి, మా ఆయన మడిచిన మోకాలి మీద చెయ్యి వేశాడు.

దారం పట్టుకుని లోపలికి వెళ్ళింది నేను. వదినకు అప్పటికే స్నానం చేయించి తల దువ్వారు. నడినెత్తి నుంచి బొటనవేలి దాకా పట్టి, పైన జానెడు వదిలి తెంచాను. బయటికి తెచ్చి పలక మీద పరిస్తే, పెన్సిలు గీతను దాటి బాగా అవతలికి పోయింది. వడ్రంగులిద్దరూ ఆ దారం కొసన కొత్త గీత గీశారు. తర్వాత ఒకరు పలక పట్టుకుంటే ఒకరు కోశారు. పెట్టె సరిగ్గా కుదిరింది. వదిన కాళ్ళు చాపుకుని పడుకుంది. దారం ఆవిడ పక్కనే వేశారు. గుంట దగ్గర వాళ్ళ పాస్టరు చదివింది ఏదీ నాకు తెలియలేదు. ఆఖరున అందరూ ఆమెన్ అన్నారు. ఉప్పు దగ్గర నాతో పోట్లాడే మనిషి ఇక లేదని అప్పుడు ఏడ్చాను.

తర్వాతి ఆదివారం వచ్చింది. పలకలు పెట్టెకు పోవడం వల్ల కప్పులో ఒక మూల ఇంకా తెరిచే ఉంది. మబ్బు కమ్ముకుని ఉంది. మా ఆయన ఎప్పటిలాగే పైనున్నాడు. అంత జరిగినా మారలేదా అని నాకు మండింది. రొట్టె చేతులు మారుతూ గడ్డపాయన దగ్గరికి వచ్చింది. కిందటి వారం ఆయనకు వదిన పక్కన కూర్చున్న నేను పెట్టాను. ఆ రోజు ఒక ముసలాయన ముక్క తుంచి నోటి దగ్గర పెట్టాడు. గడ్డపాయన పెదవులు బిగించి మొహం తిప్పుకున్నాడు. లేచాడు. మేకుల డబ్బాలోంచి గుప్పెడు తీసి నోట్లో పోసుకుని నిచ్చెన ఎక్కేశాడు.

ఇప్పుడు పైన ఇద్దరు. నోళ్ళు మూసుకున్న ఇద్దరు మగవాళ్ళు, ఎదురెదురుగా. రొట్టె నా చేతికి వచ్చింది. నాకు కోపం ఒకవైపు, ఏడుపు ఒకవైపు. ఎత్తులంటే కళ్ళు తిరుగుతాయి నాకు. అయినా చీర కుచ్చిళ్ళు దోపుకుని, రొట్టె చంకలో పెట్టుకుని నిచ్చెన ఎక్కాను. పై మెట్టు మీద నిలబడి, "ఏమయ్యా, ఇదిగో నీలాంటివాడు ఇంకొకడు తయారయ్యాడు. ఇక నీకు తోడు దొరికింది, సంతోషమేనా?" అన్నాను.

మా ఆయన నా వంక చూడలేదు. గడ్డపాయన వంక చూశాడు. ఆయన వంచిన తల ఎత్తకుండా పలక మీద మేకులు దిగ్గొడుతున్నాడు. మా ఆయన అలా చూస్తూ చూస్తూ, చెయ్యి నోటి కింద పెట్టుకుని మేకులన్నీ అరచేతిలోకి ఊసేశాడు. నా దగ్గర రొట్టె తుంచాడు. ఆ సంఘం పద్ధతి ప్రకారం అది తాను తినడానికి కాదు. గడ్డపాయన నోటి ముందుకు చాపాడు.

"బావా" అన్నాడు. "తీసుకో."

గడ్డపాయన ఆగలేదు. నోట్లోంచి మేకు తీసి కొట్టాడు. ఇంకోటి తీసి కొట్టాడు. మా ఆయన చాపిన చెయ్యి చాపినట్టే ఉంచాడు. ఒక్కో మేకూ అయిపోతూ వచ్చింది. ఆఖరిది కూడా దిగాక గడ్డపాయన చూడకుండానే చెయ్యి చాపాడు, మేకులిమ్మన్నట్టు. మా ఆయన తన మేకుల గుప్పిట మూసుకున్నాడు. అప్పుడు గడ్డపాయన తల ఎత్తాడు. నోరు ఖాళీ. ఆ నోరు తెరుచుకుంది, రొట్టె కోసం కాదు. అలాంటి కేక నేను ఎప్పుడూ వినలేదు, మళ్ళీ వినాలని లేదు. కింద పిల్లలు జడుసుకుని తల్లుల కొంగులు పట్టుకున్నారు. మా ఆయన ఆ కేక అయ్యేదాకా ఆగి, రొట్టె ముక్క ఆయన నోట్లో పెట్టాడు. గడ్డపాయన నమలలేక నమలలేక మింగాడు. తర్వాత చొక్కాకు చేతులు తుడుచుకుని, నా దగ్గర రొట్టె తుంచి మా ఆయన నోటి దగ్గర పెట్టాడు.

మా ఆయన నోరు తెరిచాడు.

కింద ఎవరో ఆమెన్ అన్నారు. చినుకులు మొదలయ్యాయి, మూల ఇంకా మూయలేదు, ఇద్దరూ మళ్ళీ పనికి ఒంగారు. నేను దిగబోతుంటే మా ఆయన పిలిచాడు.

"ఏమే."

ఆగాను. మేకులింకా చేతిలోనే ఉన్నాయి.

"ఆ రోజు... అలా మడిచినప్పుడు... వాడికి నొప్పి పుట్టి ఉంటుందంటావా?"

ఆరేళ్ళుగా ఆయన అడగనివ్వకుండా, చెప్పనివ్వకుండా దాచుకున్నది ఇదా! నిచ్చెనను రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాను.

"లేదయ్యా. వాడెప్పుడూ మోకాళ్ళు ముడుచుకునే కదా పడుకునేవాడు. మర్చిపోయావా?"